మడి నీళ్ళ మీద నూనె తెట్టు

ప్రశ్న: చెరువు కింద రెండెకరాల వరి, ఎర్రనేల. నాట్లేసి నెల దాటింది. గట్టు పక్కన నీళ్ళు కదలని చోట రంగురంగుల తెట్టు కడుతోంది. పైమడి వాళ్ళ ఇంజన్ నుంచి డీజిల్ కారుతోందని గొడవ కూడా పడ్డాం. కాలు పెడితే బుడగలు లేస్తున్నాయి. పైరుకు ప్రమాదమా?

జవాబు: ముందు ఒక పుల్ల తీసుకుని ఆ తెట్టును గెలకండి. డీజిల్ అయితే చీలిన చోటే మళ్ళీ వచ్చి కలిసిపోతుంది. అలా కాకుండా పగిలిన గాజులా పలకలు పలకలుగా విడిపోయి అలాగే ఉండిపోతే అది ఇనుము, పైమడి వాళ్ళకు సారీ చెప్పుకోవాల్సిందే.

నీళ్ళు నిలబెట్టిన ఒకట్రెండు రోజుల్లోనే బురదలో ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు మన్నులోని కొన్ని సూక్ష్మజీవులు, ఎర్రమన్నుకు ఆ ఎరుపునిచ్చే తుప్పునే ఆక్సిజన్ బదులు వాడుకుని బతుకుతాయి. దాంతో ఇనుము నీళ్ళలో కరిగి, పైకొచ్చి, గాలి తగలగానే మళ్ళీ తుప్పై పల్చటి పొర కడుతుంది. ఒక మొక్క పీకి వేళ్ళు కడిగి చూడండి, నారింజ రంగు పూత కనిపిస్తే అదీ ఇదే, వేళ్ళు వదిలే ఆక్సిజన్ వల్ల పట్టిన తుప్పు.

బుడగల్లో చాలావరకు ఉండేది మీథేన్. వాడుకోడానికి తుప్పు తగ్గిపోయాక మీథేన్‌ను తయారుచేసే జీవులు పుంజుకుంటాయి (బ్యాక్టీరియా అనేస్తుంటాం గానీ, అవి ఆర్కియా అనే వేరే జాతి). నిజానికి బుడగలుగా పోయేది కొంతే, ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండా చప్పుడు లేకుండా పైకి పోతుంది. వందేళ్ళ లెక్కన, కిలో మీథేన్ కిలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 27 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది.

తెట్టుతో పైరుకేమీ కాదు. కింది ఆకుల కొనల నుంచి చిన్న చిన్న గోధుమరంగు మచ్చలు మొదలైతే మాత్రం ఇనుము ఎక్కువైందేమోనని అనుమానించి, నీళ్ళు తీసేసి మడికి గాలి తగలనివ్వండి.

మీథేన్‌కూ మందు అదే, ఆరుతడి. చిల్లులున్న పైపు ముక్క మడిలో పాతి, అందులో నీళ్ళు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక మళ్ళీ పెట్టడం. గాలి సోకి ఇనుము మళ్ళీ తుప్పవుతుంది, అది అయిపోయేదాకా మీథేన్ జీవులకు వంతు రాదు. పూత సమయంలో మాత్రం ఆరనివ్వకండి. ఇంకో మాట, చెరువు నీళ్ళు మళ్ళీ ఎప్పుడు వదులుతారో తెలియనప్పుడు మడి ఆరబెట్టమని నేనూ చెప్పను. పక్కన బోరుంటే ధైర్యంగా మొదలుపెట్టండి.