రెవిట్ తలుపు ఫ్యామిలీలో ఇచ్చిన చెక్క సైజు షెడ్యూల్‌లో ఎందుకు కనబడదు?

భవనాల మోడల్ తయారు చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ గురించి పర్లాకిమిడి నుంచి అడిగిన మిత్రుడి సమస్య ఇది. తలుపు ఫ్యామిలీలో, అంటే కొలతలు మార్చుకోగల తలుపు నమూనాలో, ద్వారబంధం చెక్క వెడల్పు, మందం పారామీటర్లుగా (మార్చుకోగల విలువలుగా) పెట్టారు. మోడల్‌లో బొమ్మ సరిగ్గానే మారుతోంది. తలుపుల పట్టిక అయిన డోర్ షెడ్యూల్ తెరిస్తే మాత్రం ఫీల్డ్స్ జాబితాలో ఆ రెండూ లేవు. ఎక్సెల్‌లో చేత్తో కొట్టడం తప్ప దారి లేదా అని అడుగుతున్నారు.

ఉందండీ. దయచేసి ఎక్సెల్ జోలికి వెళ్లకండి. నేను బరంపురంలో ఇళ్ల డ్రాయింగులు చేస్తాను. ఇక్కడ వడ్రంగి మొట్టమొదట అడిగేది సీఎఫ్‌టీ, అంటే చెక్క ఎన్ని ఘనపుటడుగులు అని. ఆ అంకె మోడల్ నుంచే రావాలి. ఎక్సెల్‌లో రాసిన అంకె రేపు యజమాని ఒక తలుపు వెడల్పు మార్చమన్నాక కూడా పాతదిగానే ఉండిపోతుంది.

కారణం చిన్నదే. మీరు పెట్టినవి ఫ్యామిలీ పారామీటర్లు. అవి బొమ్మను కదిలించడానికే గానీ షెడ్యూల్‌కీ ట్యాగ్‌కీ (డ్రాయింగ్‌లో తలుపు పక్కన వచ్చే గుర్తుకీ) రావు. ప్రాజెక్ట్ పారామీటర్ అయితే షెడ్యూల్‌కి వస్తుంది, ట్యాగ్‌కి రాదు. రెండింటికీ రావాలంటే షేర్డ్ పారామీటరే కావాలి. మేనేజ్ ట్యాబ్‌లో షేర్డ్ పారామీటర్స్‌కి వెళ్లి ఒక ఫైల్ తయారు చేసి, అందులో చెక్క వెడల్పు, చెక్క మందం రెండూ లెంగ్త్ రకంగా రాయండి. తర్వాత ఫ్యామిలీ తెరిచి, ఫ్యామిలీ టైప్స్‌లో మీ పాత పారామీటర్‌ని ఎడిట్ చేసి షేర్డ్‌కి మార్చండి. రెండూ లెంగ్తే కాబట్టి డైమెన్షన్లకు కట్టిన లేబుళ్లు అలాగే ఉంటాయి. ఫ్యామిలీని మళ్లీ ప్రాజెక్ట్‌లోకి లోడ్ చేశారంటే షెడ్యూల్ ఫీల్డ్స్‌లో ఆ పేర్లు కనబడతాయి.

ఆ ఫైల్ ఆఫీసుకి ఒక్కటే ఉండాలి, అందరూ దాన్నే వాడాలి. రెవిట్ ఈ పారామీటర్లను గుర్తించేది పేరుతో కాదు, లోపల ఇచ్చే జీయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో. పక్క కంప్యూటర్‌లో అదే పేరుతో ఇంకొకటి సృష్టిస్తే రెవిట్ లెక్కలో అది వేరే పారామీటర్. అప్పుడు షెడ్యూల్‌లో సగం తలుపులకి గడులు ఖాళీగా ఉంటాయి, పేరు ఒకటే కనబడుతుంది కాబట్టి కారణం తట్టదు. ఇంకో మాట, పేర్లలో అడ్డగీత, ప్లస్ లాంటి గుర్తులు పెట్టకండి. ఫార్ములాలో రెవిట్ వాటిని లెక్క గుర్తులుగా చదువుతుంది.

ఇక సీఎఫ్‌టీ. షెడ్యూల్‌లో క్యాలిక్యులేటెడ్ వాల్యూ కలిపి, రకం వాల్యూమ్ అని ఎంచుకోండి. నంబర్ అని వదిలేస్తే యూనిట్లు పొసగలేదని ఎర్రర్ ఇస్తుంది. బంధానికి నిలువు చెక్కలు రెండు, పై చెక్క ఒకటి. మన ఇళ్లలో సింహద్వారానికీ పూజగదికీ గడప తప్పనిసరి, లోపలి గదులకి చాలామంది పెట్టించరు. అందుకని గడప అని ఒక యస్ ఆర్ నో షేర్డ్ పారామీటర్‌ని టైప్ రకంగా (ఆ టైప్ తలుపులన్నిటికీ ఒకే విలువ) ఫ్యామిలీలోనే పెట్టాను. ఫార్ములా ఇలా ఉంటుంది: (2 × హైట్ + విడ్త్ × ఇఫ్(గడప, 2, 1)) × చెక్క వెడల్పు × చెక్క మందం. మూడున్నర అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు, 5 × 3 అంగుళాల సాల్ చెక్క అనుకోండి. గడప లేకుండా 17.5 అడుగుల పొడవు, అంటే సుమారు 1.82 ఘనపుటడుగులు. గడపతో 21 అడుగులు, సుమారు 2.19. ఇల్లు మొత్తానికి కూడితే ఈ తేడా చిన్నది కాదు, సాల్ చెక్క ధర మీకు చెప్పనక్కర్లేదు. కోతలో పోయే తరుగు వడ్రంగి విడిగా కలుపుకుంటాడు, దాన్ని ఫార్ములాలో కలపకండి.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి. మీ ఫ్యామిలీలో విడ్త్ అంటే రెక్క కొలతా, బంధం బయటి కొలతా? పై లెక్క బయటి కొలతకే సరిపోతుంది. రెక్క కొలత అయితే రెండు పక్కలా, ఎదురుగా కనబడే బంధం చెక్క కొలత కలపాలి.

షెడ్యూల్‌ని టైప్ మార్క్ ప్రకారం సార్ట్ చేసి, ఐటమైజ్ ఎవ్రీ ఇన్‌స్టాన్స్ టిక్ తీసేసి, కౌంట్ పెట్టండి. డి1 ఎన్ని, డి2 ఎన్ని అని ఒక్కో వరుసలో వస్తాయి. సీఎఫ్‌టీ గడికి టోటల్స్ కూడా ఆన్ చేయండి. షెడ్యూల్‌లోనే ఒక టైప్ విలువ మార్చబోతే ఆ టైప్ తలుపులన్నీ మారతాయని రెవిట్ హెచ్చరిస్తుంది, చదవకుండా ఓకే నొక్కకండి.

ఇదే పద్ధతి కిటికీలకి ఇంకా బాగా పనికొస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరులో తిత్లీ మీ గజపతి జిల్లాను ఎలా ముంచిందో మీరు చూసే ఉంటారు. అందుకని సముద్రం వైపు కిటికీలకి గాలివైపు అని యస్ ఆర్ నో ఫీల్డ్ పెడతాను, ఇది ఇన్‌స్టాన్స్ రకం (ఒక్కో కిటికీకి విడి విలువ), ఎందుకంటే ఒకే రకం కిటికీ రెండు వైపులా ఉండొచ్చు. దాన్ని ఫిల్టర్‌లో పెట్టి ఇంకో షెడ్యూల్ తీస్తే, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులూ బందులూ ఎన్ని కావాలో వాటి జాబితా విడిగా వస్తుంది. ఉప్పు గాలికి మామూలు ఇనుము నిలవదు.

మా కాంట్రాక్టర్ ఒడియాలో చదువుతాడు, వడ్రంగి తెలుగులో. మోడల్‌లో మాత్రం నేను డి1, డబ్ల్యూ1 కోడ్‌లే ఉంచుతాను. ఎక్స్‌పోర్ట్‌లో రిపోర్ట్స్, అందులో షెడ్యూల్ ఎంచుకుంటే టెక్స్ట్ ఫైల్ వస్తుంది, ఎక్సెల్‌లో తెరుచుకుంటుంది. ఇద్దరికీ వాళ్ల భాషలో పేరు గడి అక్కడ చేర్చి ప్రింటు ఇస్తాను. అంకెలు మాత్రం అక్కడ ముట్టుకోను. మీ ఫ్యామిలీలో షేర్డ్‌కి మార్చాక కూడా పేరు కనబడకపోతే, షెడ్యూల్ కేటగిరీ డోర్సేనా, ఫ్యామిలీని మళ్లీ లోడ్ చేశారా అన్నవి ముందు చూడండి.