విశాఖ తూర్పులో ఇండిపెండెంట్‌గా ఎమ్మెల్యేకి నామినేషన్ వేయాలంటే?

గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రపోజర్ (పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసే ఓటరు) చాలు, ఇండిపెండెంట్‌కి పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. నగరమంతా ఒకటే అనుకుని గాజువాకలో ఓటున్న స్నేహితుడి చేత సంతకం పెట్టిస్తే తూర్పులో చెల్లదు, ఆ సెట్టు (నామినేషన్ పత్రం) పోయినట్టే. ఓటర్ల జాబితాలో పార్ట్ నంబరు, సీరియల్ నంబరు చూసుకున్నాకే సంతకం తీసుకోండి. వేలిముద్ర వేసేవాళ్లుంటే రిటర్నింగ్ అధికారి (నామినేషన్లు తీసుకునే అధికారి) లేదా ఈసీ నిర్దేశించిన అధికారి ఎదుటే వేయించాలి. నాలుగు సెట్ల దాకా వేయొచ్చు కాబట్టి, వేర్వేరు పదిమందితో కనీసం రెండు వేయడం మంచిది.

ఇవ్వాల్సినవి: ఫారం 2బి (నామినేషన్ పత్రం), ఫారం 26 అఫిడవిట్ (ఆస్తులు, కేసుల వివరాలు), డిపాజిట్ 10,000 రూపాయలు (ఎస్సీ, ఎస్టీలకు 5,000). అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు, ‘లేదు’ అనైనా రాయాలి. అభ్యర్థిగా రాజ్యాంగానికి విధేయత ప్రమాణం నామినేషన్ల పరిశీలన రోజుకి ముందే చేయాలి, చాలామంది ఇది మర్చిపోతారు.

గుర్తుకి ఫ్రీ సింబల్స్ (ఏ గుర్తింపు పార్టీకీ కేటాయించని గుర్తులు) నుంచి మూడు ఇష్టం వరుసలో రాయాలి. నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిశాకే గుర్తు ఖాయమవుతుంది కాబట్టి ముందే కరపత్రాలు కొట్టించకండి. పెద్ద పార్టీల గుర్తులు జనానికి ఏళ్లుగా తెలుసు, మీది పరిచయం చేయడానికి రెండు వారాలే ఉంటాయి. అసలు కష్టం అదే.

ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవండి. పరిమితి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలివ్వకపోతే మూడేళ్ల అనర్హత పడొచ్చు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ రాదు.