డ్రంకెన్ డ్రైవ్ కేసులో రక్తపరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?

శాంపిల్‌ను సరిగ్గా తీసి, సరిగ్గా భద్రపరిస్తే రక్తపరీక్ష బ్రీత్ ఎనలైజర్ కంటే నమ్మదగినదే.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో ఆల్కహాల్ 30 మి.గ్రా. దాటితే నేరం. బ్రీత్ ఎనలైజర్ రక్తాన్ని చూడదు. ఊపిరిలోని ఆల్కహాల్‌ను కొలిచి, రక్తంలో దానికి సుమారు 2,100 రెట్లు ఉంటుందన్న లెక్కతో అంకె చూపిస్తుంది. ఆ నిష్పత్తి అందరిలోనూ ఒకేలా ఉండదు. అప్పుడే మౌత్‌వాష్ పుక్కిలించినా రీడింగ్ పెరుగుతుంది, అందుకే పావుగంట ఆగి మళ్లీ ఊదించడం మంచిది. ల్యాబ్‌లో వాడే గ్యాస్ క్రొమటోగ్రఫీ అయితే ఇథైల్ ఆల్కహాల్‌నే విడదీసి నేరుగా కొలుస్తుంది.

అలాగని ల్యాబ్ రిపోర్టు దేవుడి మాట కాదు. రక్తం పాడవకుండా కాపాడే సోడియం ఫ్లోరైడ్ కలపకుండా సీసాను ఎండాకాలంలో రెండు రోజులు బయట వదిలేశారనుకోండి. సూక్ష్మజీవులు రక్తంలోని చక్కెరను పులియబెట్టి కొత్తగా ఆల్కహాల్ పుట్టించొచ్చు, కల్లు పులిసినట్టే. మూత వదులుగా ఉంటే ఉల్టా, ఉన్నది కాస్తా ఆవిరవుతుంది. కోర్టులో వాదన పెట్టాలంటే చూడాల్సింది ఇక్కడే: ఎప్పుడు తీశారు, సీలు వేశారా, ఫ్రిజ్‌లో పెట్టారా.

"రక్తపరీక్ష అడిగితే టైమ్ గడిచి అంకె తగ్గుతుంది" అని చాలామంది నమ్ముతారు. కానీ చివరి పెగ్గు తర్వాత అరగంట నుంచి గంటన్నర వరకు రక్తంలో ఆల్కహాల్ ఇంకా పెరుగుతూ ఉండొచ్చు. బార్ నుంచి అప్పుడే బయల్దేరినవాడికి ఆలస్యం వల్ల అంకె పెరిగే అవకాశమూ ఉంది.