భువనగిరి గుట్ట మీద క్లైంబింగ్ వ్యాసం ఎక్కడికి పంపాలి?

తమ్ముడూ, భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ గురించి ఆరు పేజీలు రాసి రెండు పత్రికలకు పంపితే జవాబే రాలేదన్నావు. టెన్షన్ పడకు, విషయం గట్టిది. ఎత్తుగడ మార్చు చాలు. ఆట చరిత్రతో కాకుండా, ఎండకు కాలిన ఏకశిల మీద వేలికొసలు పట్టు కోసం వెతుక్కునే క్షణంతో మొదలుపెట్టు. 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ రాళ్లెక్కడం నేర్చుకున్నది ఈ గుట్ట మీదే. ఆ సంగతి రెండో పేరాలోనే రావాలి. హార్నెస్, అంటే తాడు తగిలించుకోవడానికి నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీ, అదేమిటో పాఠకుడికి ఒక్క వాక్యంలో చెప్పు.

స్పోర్ట్స్ పేజీకి వద్దు, ఆదివారం అనుబంధానికి పంపు. మే నెలలో రావాలంటే మార్చిలోనే పంపాలి. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపకు, నా వ్యాసం ఒకటి అలాగే పోయింది. సొంత రచన అని హామీపత్రం జతచెయ్యి. ఫొటోలు మెయిల్‌లో విడిగా పెట్టు, వాట్సాప్‌లో వచ్చినవి అచ్చులో మసకబారతాయి.