బిజినెస్ పుస్తకం మొదటి డ్రాఫ్టు దగ్గర దిద్దుడు ఆగాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: కిరాణా హోల్‌సేల్‌లో ఏళ్ల అనుభవం ఉంది, చిన్న దుకాణదారుల కోసం తెలుగులో పుస్తకం రాయాలనుంది, కానీ మొదటి అధ్యాయం దిద్దుకుంటూ అక్కడే ఆగిపోయారు. వాక్యం కుదిరేదాకా ముందుకు కదలబుద్ధి కావడం లేదు.

కుదరనిది వాక్యం కాదండీ. ఆ అధ్యాయంలో చెప్పాల్సిన లెక్క ఇంకా కాగితం మీద పడలేదు. బిజినెస్ పుస్తకాల దగ్గర ఇది నూటికి తొంభై పాళ్లు నిజమని నా గట్టి నమ్మకం.

అరువు మీద అధ్యాయమే తీసుకోండి. "వ్యాపారంలో నమ్మకానికి ఎంతో ప్రాధాన్యం ఉంది" అని మొదలవుతుంది. నచ్చదు. 'ప్రాధాన్యం' తీసి 'విలువ' పెడతారు. 'వ్యాపారంలో' చివరికి వెళ్తుంది, మళ్లీ ముందుకొస్తుంది. రాత్రి పదకొండవుతుంది, పేరా అక్కడే ఉంటుంది. ఆ వాక్యంలో విషయం లేదు కాబట్టి ఏ మాట పెట్టినా తృప్తి ఉండదు. దాన్ని అలా వదిలేసి, దుకాణదారుడు ఎదురుగా కూర్చుని "అరువిస్తే నాకేం పోతుందండీ?" అని అడిగాడనుకుని లెక్క వేయండి. నెలకు 3 లక్షల అమ్మకం. సగం అరువు, అంటే 1.5 లక్షలు. ఆ డబ్బు సగటున 45 రోజులకు చేతికొస్తుంది. అంటే ఎప్పుడు చూసినా 2.25 లక్షలు బయటే ఉంటాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ వేస్తే నెలకు 4,500. అరువు అమ్మకం మీద మార్జిన్ నూటికి పది అనుకుంటే మిగిలేది 15,000. అందులో దాదాపు మూడో వంతు వడ్డీకే పోయింది. ఇదే అధ్యాయం. దీని మీద "అయితే ఎవరికి ఇవ్వాలి, ఎంతవరకు ఇవ్వాలి, ఎలా వసూలు చేయాలి" అన్న మూడు భాగాలు వాటంతటవే లేస్తాయి.

ఇక్కడే రెండో ఆటంకం వస్తుంది. "బయట ఉన్న 2.25 లక్షల్లో లాభం పోను నా అసలు పెట్టుబడి 2 లక్షల చిల్లరే కదా, వడ్డీ దాని మీదే వేయాలేమో?" సరైన సందేహమే. "సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజుల్లో చెల్లించాలన్న నిబంధన నాలాంటి ట్రేడర్‌కు వర్తిస్తుందా?" ఇదీ మంచి ప్రశ్నే. కానీ వీటి జవాబు కోసం నెట్ తెరిస్తే ఆ పూట రాత అయిపోయినట్టే. సందేహం వచ్చిన చోట 'ఝఝ' అని కొట్టి, పక్కన నాలుగు మాటల్లో సందేహం రాసి సాగిపోండి. ఈ రెండక్షరాలూ పక్కపక్కన తెలుగు మాటల్లో రావు కాబట్టి, తర్వాత వెతికితే అన్నీ వరసగా దొరుకుతాయి. పన్ను రేట్లు, చట్టాల హద్దులు ఎటూ ప్రెస్సుకు వెళ్లే ముందు మళ్లీ చూసుకోవాల్సినవే. 2025 ఏప్రిల్ 1న ఎంఎస్ఎంఈల (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) పెట్టుబడి, టర్నోవర్ పరిమితులు మారాయి, అదే ఏడాది సెప్టెంబర్ 22న జీఎస్టీ శ్లాబులు మారాయి. ఆ సంవత్సరం మొదట్లో ఎంతో శ్రద్ధగా సరిచూసి రాసిన పేజీలు మళ్లీ రాయాల్సి వచ్చేవి.

పని కొలత ముందే కట్టుకోండి, లేకపోతే "ఇంకా బాగా రావాలి" అన్నదానికి అంతు ఉండదు. డెమీ సైజులో (మామూలు పుస్తకాల సైజు) 160 పేజీలంటే 16 పేజీల ఫారాలు (ఒకే పెద్ద కాగితం మీద అచ్చయ్యే పేజీల కట్టలు) పది. ముందుమాట, విషయసూచిక, ఖాళీ పేజీలు పోను 140 అనుకోండి. పేజీకి సుమారు 200 పదాల లెక్కన 28,000. రెండేసి వేల పదాల అధ్యాయాలు 14. పూటకు 500 పదాలు, వారానికి ఐదు పూటలు కూర్చుంటే పదకొండు పన్నెండు వారాల్లో డ్రాఫ్టు పూర్తవుతుంది. బాగా తెలిసిన అధ్యాయంతో మొదలుపెట్టండి. ముందుమాట ఆఖరున. డ్రాఫ్టు పుట్టకముందే కవర్ డిజైన్ చేయించడం, పెద్దవాళ్ల ముందుమాటల కోసం తిరగడం మన దగ్గర బాగా అలవాటైపోయింది. అది నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ హడావుడి అయ్యాక మామూలు డ్రాఫ్టు రాయడానికి చెయ్యి రాదు.

వ్యాపారస్తులకు మాట బలం ఎక్కువ, కాబట్టి నోటితో చెప్పి రాయించుకోండి. ఫోన్‌లో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టుకుని పది నిమిషాలు మాట్లాడితే ఏడెనిమిది వందల పదాలు పడతాయి. అయితే ఫుల్‌స్టాప్‌లు సరిగా పడవు, అంకెలు, సరుకుల పేర్లు తారుమారవుతాయి, నెల తర్వాత చూస్తే మీరేమన్నారో మీకే అర్థం కాదు. అందుకే రెండో ఫోన్‌లో ఆడియో రికార్డు కూడా పెట్టండి. మాట్లాడటం అయిన వెంటనే పది నిమిషాలు కూర్చుని, అర్థం కాని మాటలు మాత్రం సరిచేయండి. వాక్యాన్ని ముట్టుకోవద్దు.

కంప్యూటర్‌లో రాస్తే వర్డ్‌లో స్పెల్లింగ్ చెక్ ఆపేయండి. తెలుగులో అది సరైన మాటల కింద కూడా ఎర్రగీతలు పెడుతుంది, దిద్దే అలవాటున్నవాళ్లకు ఆ గీత కనబడితే చెయ్యి ఆగదు. రోజుకో కొత్త ఫైలు తెరవండి. నిన్నటి ఫైల్లో చివరి నాలుగు లైన్లు చూసి మూసేయండి. చేత్తో రాసేవాళ్లు లాంగ్‌బుక్‌లో కుడి పేజీలోనే, పెన్నుతో రాసి, ఎడమ పేజీ తర్వాతి దిద్దుబాట్లకు ఖాళీగా వదలండి. లేచే ముందు రేపటి మొదటి లెక్క ఏమిటో ఒక్క లైను రాసి పెట్టుకోండి, మర్నాడు ఖాళీ పేజీ ముందు కూర్చోవాల్సిన పని ఉండదు.

పద్నాలుగు అధ్యాయాలూ అయ్యాక మీ పట్టుదల అంతా చూపించండి, అప్పుడు అది నిజంగా అక్కరకొస్తుంది. ముందు అంకెలూ ఝఝలూ, తర్వాత అధ్యాయాల వరస, ఆఖరున వాక్యాలు. ఈ వరస తిరగబడితే, మెరుగుపెట్టిన పేరాను కొట్టేయడానికి మనసొప్పదు, తప్పు లెక్క అందంగా అచ్చవుతుంది. డీటీపీకి, అంటే అచ్చు కోసం పేజీలు కూర్చడానికి, ఇచ్చాక దిద్దుకుందాంలే అనుకోకండి. చాలా డీటీపీ సెంటర్లు ఇప్పటికీ అను ఫాంట్లలోనే (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) చేస్తాయి. ఫోన్‌లో, వర్డ్‌లో మనం టైపు చేసే యూనికోడ్ నుంచి వాటిలోకి మార్చేటప్పుడు ఒత్తులు చెదిరి, అక్కడ దిద్దడానికి కొత్త తప్పులే బోలెడుంటాయి.

మొదటి డ్రాఫ్టు తెలుగు పండితుడికి చూపించకండి, కనీసం ఇప్పుడే వద్దు. ఆయన భాష దిద్దుతారు, మీరు మళ్లీ మొదటి పేరా దగ్గర ఆగిపోతారు. అరువు ఇచ్చే దుకాణదారుడు ఒకరికి ఆ అధ్యాయం ఒక్కటే ప్రింటు తీసివ్వండి. చదవడం ఎక్కడ ఆపారో అక్కడ గీత పెట్టమనండి, లెక్క వాళ్ల దుకాణానికి సరిపోకపోతే వాళ్ల అంకెలు పక్కన రాయమనండి.