యూకేలో గజ్జి, తామర వస్తే ఏం చేయాలి?

హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి ఇక్కడికి చదువుకు వచ్చే పిల్లల సామాన్లలో పచ్చళ్లు, కారప్పొడి ఎట్లాగూ ఉంటాయి. ఈమధ్య వాటితో పాటు మెడికల్ షాపులో కొన్న దురద ట్యూబులు కూడా ఉంటున్నాయి. ఒళ్లు దురద పెట్టగానే ఫొటో తీసి ఊళ్లో ఆర్‌ఎంపీకి వాట్సాప్ చేస్తారు, ఆయన చెప్పిన ట్యూబు రాస్తారు, అయిపోతే హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లతో ఇంకో అరడజను తెప్పించుకుంటారు. నన్ను అడిగే చర్మం సందేహాలు చాలావరకు ఈ ట్యూబు దగ్గరే మొదలవుతాయి కాబట్టి ముందు దాని సంగతి చెప్తాను.

ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. దాంట్లోనే ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కూడా కలిపేసి ఉంటారు. రాసిన ఒకటి రెండు రోజులకే దురద తగ్గుతుంది, ఎరుపు పోతుంది, బ్రహ్మాండంగా పనిచేసిందనిపిస్తుంది. తగ్గింది దురద ఒక్కటే. స్టెరాయిడ్ మన ఒంటి ప్రతిఘటనను అణచేస్తుంది కాబట్టి ఫంగస్ లోలోపల హాయిగా పాకుతుంది. ట్యూబు ఆపగానే ఇంకా ఎక్కువగా లేస్తుంది. గజ్జల్లో, తొడల మీద నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి, ఆ చారలు పూర్తిగా పోవు. ఇట్లాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మొద్దని కేంద్ర ప్రభుత్వం 2018లోనే చెప్పింది. షాపుల్లో అది ఎంతవరకు నడుస్తుందో మీకే తెలుసు.

ఫంగస్ వల్ల వచ్చే తామరను గుర్తుపట్టడం మామూలుగా తేలికే. మచ్చ గుండ్రంగా ఉంటుంది, అంచు కాస్త ఉబ్బి పొట్టు లేస్తుంది, మధ్యలో తేటపడుతుంది. కానీ స్టెరాయిడ్ పడితే ఆ గుండ్రం చెదిరిపోతుంది. అప్పుడు ఇక్కడి డాక్టర్ దాన్ని ఎగ్జిమా అనే అంటని దురద జబ్బు అనుకుని ఇంకో స్టెరాయిడ్ రాసివ్వడానికి అవకాశముంది. అందుకే మొహమాటపడకుండా మీరు వాడిన ట్యూబునే తీసుకెళ్లి చూపించండి, ఇండియాలో ఎన్నాళ్లు ఏం వాడారో చెప్పండి. మన దగ్గర ఇప్పుడు ట్రైకోఫైటాన్ ఇండోటీనియే అనే మొండి రకం ఫంగస్ ఎక్కువగా కనిపిస్తోంది. మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు దానిమీద చాలాసార్లు పనిచేయదు, ఇట్రాకొనజోల్ అనే ఇంకో మందు అవసరమవుతుంది. మచ్చ మీది పొట్టు గీకి ల్యాబుకు పంపిస్తారా అని మీరే అడగండి, తప్పేం లేదు. చిన్న మచ్చ ఒకటి రెండైతే ఫార్మసీలో దొరికే క్లోట్రిమజోల్ క్రీము చాలు. మచ్చ పోయినట్టు కనిపించాక కూడా ఇంకో వారం, రెండు వారాలు రాయాలి, అక్కడే చాలామంది ఆపేస్తారు. మీ టవల్ ఇంకొకరికి ఇవ్వకండి. వంకాయ మానేస్తే తామర తగ్గదు, అమ్మ ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పినా సరే.

గజ్జి కథ వేరు. ఒక గదిలో నలుగురు పడుకుని, నైట్ షిఫ్ట్‌కు పోయినవాడి పరుపు మీద ఇంకొకడు నిద్రపోయే ఇళ్లలో అది ఒకరితో ఆగదు. బ్రిటిష్ పిల్లలుండే హాస్టళ్లలోనూ వస్తోంది, కాబట్టి దీన్ని మురికితనంగా తీసుకుని సిగ్గుపడొద్దు. అది చర్మంలో దూరి గుడ్లు పెట్టే ఒక పురుగు, కంటికి సరిగా ఆనదు. రాత్రి పక్క ఎక్కాక దురద పెరుగుతుందా? వేళ్ల సందులు, మణికట్టు లోపలివైపు, నడుం దగ్గర బెల్టు పట్టే చోటు వెలుతురులో పెట్టి చూడండి. కొన్ని మిల్లీమీటర్ల పొడవు సన్నటి వంకర గీత, దాని చివర చుక్క కనిపిస్తే అది దాదాపు గజ్జే. మొదటిసారి వచ్చినవాళ్లకు అంటుకున్న ఎనిమిది వారాల వరకు కూడా దురద మొదలవకపోవచ్చు. అంటే మీ పక్కవాడు గోక్కోవడం లేదంటే వాడికి లేదని కాదు.

పర్మెత్రిన్ క్రీము ఇక్కడ ఫార్మసీలో చీటీ లేకుండానే దొరుకుతుంది. ఇంట్లో ఉన్నవాళ్లంతా ఒకే రోజు రాసుకోవాలి, దురద లేనివాడు కూడా. ఈ ఒక్క షరతు దగ్గరే అందరూ దెబ్బతింటారు. దురద పెట్టే చోట మాత్రమే రాస్తే లాభం లేదు, ప్యాకెట్‌లోని కాగితంలో చెప్పినట్టు ఒళ్లంతా, గోళ్ల కింద, వేళ్ల సందుల్లో, అరికాళ్లకు కూడా పట్టించి, అందులో రాసినన్ని గంటలు ఉంచాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. వారం తర్వాత ఇంకోసారి. మొదటి రోజే బట్టలు, దుప్పట్లు 60 డిగ్రీల వేడిలో ఉతకండి, ఉతకలేనివి మూడు రోజులకు తక్కువ కాకుండా సంచిలో మూతి బిగించి పెట్టండి. మందు పనిచేసినా దురద కొన్ని వారాలు ఉంటుంది, టెన్షన్ పడి రోజూ క్రీము పూసుకోవద్దు.

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది రెండో సందేహం. వీసాకు హెల్త్ సర్‌చార్జ్ కట్టే వచ్చారు కదా, దిగిన వారంలోనే జీపీ, అంటే మీ పేటలోని ఫ్యామిలీ డాక్టర్ దగ్గర పేరు నమోదు చేసుకోండి. చూపించుకోవడానికి డబ్బులు కట్టక్కర్లేదు. నేరుగా స్కిన్ స్పెషలిస్టు దగ్గరికి పోవడం మాత్రం ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ ఎన్‌హెచ్‌ఎస్‌లో కుదరదు, జీపీ పంపాలి. అంతకుముందు వీధి చివర ఫార్మసీ ఉంది. ఇంగ్లండ్‌లో 2024 జనవరి 31 నుంచి ఫార్మసీ ఫస్ట్ అనే పథకం కింద ఫార్మసిస్టే ఏడు జబ్బులను చూసి, అవసరమైతే చీటీ మీద మాత్రమే ఇచ్చే మందులు కూడా ఇస్తున్నారు. చీము పట్టిన పురుగు కాటు, పిల్లలకు వచ్చే తేనెరంగు పక్కుల పుండ్లు, సర్పి అందులో ఉన్నాయి. సర్పి అంటే ఒంటికి ఒకే పక్కన పట్టీలా మంటతో లేచే పొక్కులు. దానికి మూడు రోజుల్లోపు మందు మొదలుపెడితే మేలు, శనివారం మొదలైతే సోమవారం దాకా ఆగొద్దు. చెప్పుకోలేని చోట ఉంటే కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అవస్థపడక్కర్లేదు, లోపల గదిలో మాట్లాడొచ్చా అని అడిగితే తీసుకెళ్తారు.

ఇంకో సంగతి. చర్మ జబ్బులన్నిటికీ 'ఎర్రగా అవుతుంది' అని రాసేది తెల్ల చర్మాన్ని దృష్టిలో పెట్టుకునే. మన రంగు మీద అది ముదురు గోధుమగానో ఊదాగానో కనిపిస్తుంది, ఒక్కోసారి అసలు కనిపించదు. డాక్టర్‌తో వేడిగా ఉంది, వాచింది, ముట్టుకుంటే నొప్పి అని చెప్పండి. ఫొటో పంపమంటే పగటి వెలుతురులో దూరం నుంచి ఒకటి, దగ్గర నుంచి ఒకటి తీయండి.

కాలి మీద దెబ్బ చుట్టూ వాపు, వేడి, నొప్పి పాకుతుంటే ఆ అంచు మీద పెన్నుతో గీత గీయండి. వాపు గీత దాటుతోందంటే ఆ రోజే జీపీకో, ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111కో ఫోన్ చేయాలి. దానికి చలి జ్వరం, మగత కలిస్తే, లేదా జ్వరంతో వచ్చిన దద్దుర్లు గాజు గ్లాసుతో నొక్కినా మాయం కాకపోతే అంబులెన్స్ కోసం 999కు ఫోన్ చేయాలి. పెదాలు, నాలుక వాచి ఊపిరాడకపోయినా అంతే.

చలికాలంలో పిక్కల మీద, చేతుల మీద పొట్టు లేచి దురద పెట్టేది మాత్రం చాలావరకు ఇన్‌ఫెక్షన్ కాదు. హీటర్ గాలి, సలసల కాగే నీళ్ల స్నానం కలిసి చేసే పని. నీళ్ల వేడి తగ్గించి, ఒళ్లు తడి ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ దండిగా పట్టించండి. మాయిశ్చరైజర్ ఇంకిన బట్టలకు ఇట్టే నిప్పంటుకుంటుంది కాబట్టి దీపం పెట్టేటప్పుడు, గ్యాస్ పొయ్యి దగ్గర ఆ చొక్కా మార్చుకోండి.