ముందు వేసవి నీళ్లు కొలవండి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ గెడ్డ (కొండవాగు) నీళ్లతో ఊరికి కరెంటు తీయాలనుకుంటూ నువ్వు పంపిన జలపాతం వీడియో చూశాను బాబూ. అవి ఆగస్టు నీళ్లు. వాటిని నమ్ముకుని టర్బైన్ (నీళ్ల తోపుకు తిరిగి కరెంటు తీసే మెషీన్) కొనకండి. నేను పనిచేసిన, ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని జల విద్యుత్ కేంద్రం మాచ్‌ఖండ్‌లో డుడుమ జలపాతం దగ్గర నీళ్లు పడే ఎత్తుతోనే 1955 నుంచి కరెంటు తీస్తున్నారు. పైన జోలాపుట్ డ్యాం వాన నీళ్లను దాచిపెడుతుంది కాబట్టి వేసవిలోనూ అది నడుస్తుంది. మీ గెడ్డకు డ్యాం లేదు. మే నెలలో ఎంత పారితే అంతే మీది.

గెడ్డ సన్నబడ్డాక నీళ్లన్నీ ఒక గొట్టంలోకి మళ్లించి, 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. వారం వారం రాసుకో. పైపు మొదలు నుంచి టర్బైన్ దాకా నీళ్లు దిగే ఎత్తు కొలవడానికి మేస్త్రీలు లెవెల్ చూసే నీళ్ల ట్యూబు చాలు. డ్రమ్ము 8 సెకన్లలో నిండితే సెకనుకు 25 లీటర్లు. 5 లీటర్లు గెడ్డలోనే వదలండి, కింద పొలాలూ పశువులూ ఉన్నాయి. ఎత్తు 25 మీటర్లు ఉందనుకుంటే, మిగిలిన 20ని ఆ 25తో, ఆపైన 5తో గుణిస్తే 2,500 వాట్లు. అసలు 5 బదులు 9.8తో (భూమి ఆకర్షణ లెక్క) గుణించాలి గానీ పైపులో, మెషీన్లో సగం దాకా పోతుంది.

అంటే మీ 40 గడపలకు ఇంటికి 60 వాట్లు. బల్బులకు, ఫోన్లకు, చిన్న టీవీకి సరిపోతుంది. ఇండక్షన్ స్టవ్ ఒక్కటి పెట్టినా ఊరంతా చీకటే. కొత్త ఇళ్లు లేస్తున్నాయన్నావు కదా, ఇంటింటికీ లోడ్ లిమిటర్ (వాటాకు మించి వాడితే ఆ ఇంటి కరెంటు ఆపేసే పరికరం) పెట్టాలని గ్రామసభలో ఇప్పుడే తీర్మానం చేయించు. తీగలు లాగాక ఎవరూ వినరు. అటవీ శాఖ అనుమతి కూడా పైపు కొనకముందే తెచ్చుకోండి.

ఒక్క విషయంలో మాత్రం పొదుపు చేయకు. రిటైరయ్యాక ఒక గూడెంలో మేం ఇసుక దిగే తొట్టి కట్టకుండా డబ్బు మిగిల్చాం. మొదటి వానలకే ఇసుక టర్బైన్ రెక్కల్ని తినేసింది. ఆ ఊళ్లో పిల్లలు మళ్లీ కిరోసిన్ దీపాల దగ్గర కూర్చోవడం చూశాను. అది నా తప్పే. ఆకులు ఆపే జాలీ, ఇసుక తొట్టి, దాన్ని కడిగే తూము తప్పకుండా ఉండాలి. వానాకాలంలో రోజూ ఆ జాలీ శుభ్రం చేసే మనిషికి నెలనెలా జీతం ఇవ్వండి, ఊరికే చేయమంటే రెండు నెలలు కూడా సాగదు. పెద్ద వాల్వు ఎప్పుడూ మెల్లగా మూయాలని అతనికి నేర్పండి. టక్కున మూస్తే నీటి దెబ్బకు పైపు పగులుతుంది.

మే నెలాఖరుకు వస్తాను. ట్యూబు నేను తెస్తాను, డ్రమ్ము నువ్వు చూడు.

మీ మావయ్య